చెప్పులతో ఎక్కమన్న కారు

"అమ్మా, చెప్పులు విడిచేది వద్దంట. నాన్న చెప్పులతోనే కారెక్కమంటాండాడు. ఎక్కాల్నా?"

ఆళ్లగడ్డలో మా అక్క వాళ్ల వంటింటి గుమ్మంలో నిలబడి నా కూతురు హాసిని అడిగిన మాట ఇది. నేను కింద కూర్చుని పచ్చిమిరపకాయల తొడిమలు తుంచుతున్నాను. అది చెప్పడం పూర్తి కాకముందే నా చేయి తొడిమ మీదే ఆగిపోయింది. నాన్న వచ్చాడన్నందుకు కాదు. చెప్పులతో ఎక్కమన్నాడన్నందుకు.

నాకు భయాలు తక్కువేమీ కాదు. మూత సరిగా పడని నీళ్ల సంపు, స్కూలు ఆటో, మేడ మీది కరెంటు తీగలు, వీధి కుక్కలు, ఏదో ఒకటి తలుచుకుని రోజూ కంగారు పడుతూనే ఉంటాను. అయితే అవన్నీ కంటికి కనిపించేవి. దయ్యాలంటే మాత్రం నాకు ఏనాడూ లెక్క లేదు. ఎమ్మెస్సీ చదివాను. పిల్లలకు ఒళ్లు కాలితే మా అత్తమ్మ దిష్టి తీయడానికి ఉప్పు తెచ్చేలోపు నేను థర్మామీటర్ పెట్టేస్తాను. ఎవరైనా ఇలాంటి అనుభవం చెబుతుంటే, వీళ్లకు నిద్ర చాలలేదేమో అనుకునేదాన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను. చదివేవాళ్లు నా గురించి అలాగే అనుకున్నా తప్పు పట్టను.

చెప్పుల మాటకు నేను అంతగా ఎందుకు బెదిరానో అర్థం కావాలంటే మా ఆయన కారు సంగతి తెలియాలి.

మేముండేది నంద్యాలలో. మా ఆయనకు విత్తనాల షాపు ఉంది. పెళ్లికి ముందే బెంగళూరులో ఎవరి దగ్గరో ఒక పాత స్పోర్ట్స్ కారు కొని తెచ్చుకున్నాడు. నీలం రంగు, రెండే తలుపులు, నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది. దాన్ని తయారు చేసిన కంపెనీయే ఆ మోడల్‌ను ఎప్పుడో ఆపేసింది. నంద్యాల రోడ్ల మీద ఆ కారేమిటని అందరూ నవ్వేవారు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా దాన్ని ఏటవాలుగా తిప్పి, ఒక్కొక్క చక్రాన్నే ఎక్కించి దించుతాడు. వెనక ఆటోవాళ్లు హారన్లు కొడుతూ "ఏం అప్పా, బండికి నడుం నొప్పా?" అని అరుస్తారు. ఆయన పట్టించుకోడు.

ఆయనకు వేరే వ్యసనం లేదు. ఆదివారం ఎండ ముదరకముందే రెండు బకెట్లు పెట్టుకుని కూర్చుంటాడు. ఒకదానిలో షాంపూ నీళ్లు, ఇంకోదానిలో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. ఒకే బకెట్ అయితే గుడ్డకు పట్టిన ఇసుక మళ్లీ పెయింటును గీస్తుందట. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి వస్తాడు. చక్రాలకు వేరే గుడ్డ. తలుపు అంచు రబ్బరును పాత టూత్‌బ్రష్‌తో తోముతాడు. తర్వాత మైనం రాసి, అది ఆరాక మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దుతాడు. ఆ నీలం రంగులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఇంజన్ ఆయిలు, బెల్టులు, బ్రేకులు అన్నీ తానే చూసుకుంటాడు. దారిలో ఎవరైనా ఆగి "కొత్తదా అన్నా?" అని అడిగితే ఆ రోజంతా ఇంట్లో హుషారుగా తిరుగుతాడు.

ఆ కారులోకి చెప్పులతో ఎవరూ ఎక్కకూడదు. ఇది మా ఇంటి చట్టం. తలుపు దగ్గర నేల మీద పాత పేపర్ పరుస్తాడు. దాని మీద నిలబడి చెప్పులు విడిచి, రెండూ తట్టి, గుడ్డ సంచిలో వేసి, ఉత్త కాళ్లతో లోపలికి పోవాలి. ఆయనా అంతే, ఉత్త కాళ్లతోనే నడుపుతాడు. ఒకసారి మా అత్తమ్మ మోకాళ్ల నొప్పితో వంగలేక అలాగే ఎక్కబోతే, ఆయనే కింద కూర్చుని ఆమె చెప్పులు విప్పాడు. "దేవుని గదికి గూడా ఇంత చెయ్యవు కద రా" అని ఆమె తిట్టింది. పిల్లలకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఇదే అలవాటు. ఆ కారు కనిపిస్తే చాలు, చెప్పులు విడిచేస్తారు.

నాకు ఆ కారులో నచ్చనిది ఒకటే. వెనక సీట్లకు తలుపులు లేవు. ముందు సీటు మడిస్తేనే పిల్లలు లోపలికి పోగలరు. మళ్లీ ఎవరైనా మడిచి దింపితేనే బయటికి రాగలరు. వాళ్లంతట వాళ్లు దిగలేరు.

ఆ రోజు శనివారం. మేము బస్సులో ఆళ్లగడ్డ వెళ్లాం. బస్సులో ఎందుకంటే, ముందు రోజే మా ఆయన బ్రేకుల పని మొదలుపెట్టి కారును స్టాండ్ల మీదికి ఎత్తాడు. నాలుగు చక్రాలూ ఊడదీసి గోడకు ఆనించాడు. చక్రాలు లేకపోయినా లోపల మాత్రం శుభ్రం చేశాడు. ఆ సాయంత్రం వెనక మ్యాట్లను దులిపి నేనే ఆయనకు అందించాను. నల్లటి మ్యాట్లు, వెంట్రుక పడినా కనిపిస్తుంది. తలుపులకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవడం కూడా చూశాను. శనివారం మేము బయలుదేరేసరికి ఆయన ఒక చక్రం ఉండాల్సిన చోట చాప వేసుకుని పడుకుని ఏదో విప్పుతున్నాడు. "పోయి రాండి, రేపు నేనే వచ్చి పిలుచుకొస్తా" అన్నాడు.

అక్క వాళ్లది ఆళ్లగడ్డలో ఒక సందు. ఒక చివర మెయిన్ రోడ్డు, మూలన మందుల షాపు. రెండో చివర శిల్పాలు చెక్కేవాళ్ల రాళ్లు దారికి అడ్డంగా పడి ఉంటాయి. ఆ వైపు నుంచి మనిషి దూరగలడు గానీ బండి రాలేదు. రాళ్లు కోసే చప్పుడు పగలంతా వినిపిస్తూనే ఉంటుంది. ఆ రాతిపొడి పిండిలాగా సందంతా పరుచుకుని ఉంటుంది. కోడి నడిచినా గుర్తు పడుతుంది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. పిల్లలు వాకిట్లో అరుగు మీద ఆడుకుంటున్నారు. గేటు వేసే ఉంది. నేను పదేపదే లేచి చూసి వస్తుంటే అక్క విసుక్కుంది. "ఏమే స్వాతీ, నీ పిల్లోళ్లను ఎవరూ ఎత్తుకపోరులే. ఎత్తుకపోయినోడే రెండు గంటలకు తెచ్చి ఇడిచిపెడతాడు." నేను నవ్వి మిరపకాయలు ముందేసుకున్నాను. అప్పుడు వచ్చింది హాసిని.

"ఏ నాన్న?" అన్నాను. ఏం అడుగుతున్నానో నాకే తెలియలేదు.

"మన నాన్నే. గేటు కాడ కారు పెట్టినాడు."

"తమ్ముడు యాడ?"

"ఆడే ఉండాడు, కారు కాడ."

నేను ఎలా లేచానో, వాకిలి ఎలా దాటానో గుర్తు లేదు. గేటు తెరిచి ఉంది. నా కొడుకు విహాన్, ఇంకా అంగన్‌వాడీ వయసు పిల్లోడు, సందు మధ్యలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. రోడ్డు వైపు కాదు, గోడ వైపు కాదు, తన ముందు ఉన్న ఖాళీ వైపు చూస్తున్నాడు. కుడి కాలు కాస్త పైకి ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉన్నాడు. వాణ్ని ఎత్తుకున్నాను. సందులో కారు లేదు. మెయిన్ రోడ్డు దాకా చూశాను, ఏమీ లేదు. కింద రాతిపొడిలో పిల్లల అడుగులు ఉన్నాయి. కారు టైర్ల గుర్తులు లేవు.

ఇక్కడితో అయిపోయి ఉంటే, ఎండకు పిల్లలు ఏదో ఊహించుకున్నారని సరిపెట్టుకునేదాన్ని. కానీ ఎదురింటి పెద్దమ్మ అరుగు మీద చేట పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి తనే పలకరించింది.

"ఏమ్మా, మీ ఆయన అప్పుడే పోయినాడా? కారు బలే మెరుస్తాన్నిందిలే. ఈ సందులోకి వచ్చి దుమ్ము అంటని బండిని ఇప్పుడే చూసినా."

"పోవడం చూసినావా, పెద్దమ్మా?"

"చేటలోకి చూసి తలెత్తేతలికి లేదు. సప్పుడు గూడా కాలేదు. ఏందీ, కొట్లాడినారా?"

ఫోన్ చేసే ముందు నా మనసు ఒక్కటే కోరుకుంది. మా ఆయన "అవును, వచ్చినా, అర్జెంటుగా వెనక్కి పోతాండా" అనాలని. ఆయన మొదటి రింగుకే ఎత్తాడు. చేతికి గ్రీజు ఉందేమో, స్పీకర్‌లో పెట్టి అరుస్తున్నట్టు మాట్లాడాడు. వీడియో కాల్ చేయమన్నాను. చేశాడు. మా ఇంటి షెడ్డు, స్టాండ్ల మీద కారు, గోడకు ఆనించిన చక్రాలు.

"ఏమైందే? నాలుగు చక్రాలూ ఈడ పడుండాయి, నేను యాడికొస్తా? మోసుకొస్తానా?" అని నవ్వాడు. నా ముఖం సరిగా చూశాక నవ్వు ఆపాడు.

నేను పిల్లల్ని లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను. బెదిరించకుండా, మామూలుగా అడిగాను. హాసిని చెప్పినదాన్ని చెప్పినట్టే రాస్తున్నాను.

"నాన్న దిగలేదు. తలుపు తెరిచినాడు. ముందు సీటు వంచే ఉండాది. దాండి, ఎక్కండి అన్నాడు. చెప్పులు విడిచేకి పేపర్ వెయ్యి నాన్నా అంటే, వద్దు, చెప్పులతోనే ఎక్కండి అన్నాడు. తమ్ముడు ఒక కాలు లోపల పెట్టినాడు. నేను చొక్కా పట్టి లాగినా."

"ఎందుకు లాగినావ్?"

"ఎక్కినాక మళ్లా నాన్న తిడతాడని. నిన్ను అడిగొస్తామని చెప్పి వచ్చినా."

"నాన్న ముఖం చూసినావా?"

అది ఆలోచించింది. "చెయ్యి చూసినా. వాచీ ఉండాది. గొంతు నాన్నదే."

విహాన్ ఒక్క మాటే అన్నాడు. "కారులో సల్లగా ఉండాది." మా కారులో ఏసీ చెడిపోయి చాలా కాలమైంది. దాని భాగాలు ఎక్కడా దొరకడం లేదు.

మా బావ భోజనానికి వచ్చి విషయం విన్నాడు. ఆయనకు హార్డ్‌వేర్ షాపు, మాటలు కూడా అలాగే గట్టిగా ఉంటాయి. ముందు ఎవడో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వచ్చాడనే అనుకున్నాడు. నేనూ అదే అనుకోవాలని చూశాను. ఆశ్చర్యంగా ఉండొచ్చు గానీ, ఆ రోజు నేను కోరుకున్నది అదే. దొంగ అయితే పట్టుకోవచ్చు. మూలన మందుల షాపుకు కెమెరా ఉంది, కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద నడుస్తుంది. సందులోకి వచ్చే బండి ఏదైనా దాని ముందు నుంచే రావాలి. షాపతను బావకు తెలిసినవాడే, కూర్చోబెట్టి చూపించాడు. బస్టాండు నుంచి వచ్చి మేము ఆటో దిగింది కనిపించింది. తర్వాత మేకలు, నీళ్ల క్యాన్ల ఆటో, గ్యాస్ సిలిండర్ కట్టుకున్న ఒక బైకు. తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. తర్వాత దూరంగా, తెర అంచున, అక్క వాళ్ల గేటు దగ్గర పిల్లలు, వాళ్ల వైపు పరిగెత్తుతూ నేను.

నీలం కారు రాలేదు. పోనూ లేదు.

బావ గడ్డం గోక్కున్నాడు. "స్టేషన్‌కు పోయి ఏమని చెప్తామమ్మా? కన్నతండ్రే కారులో వచ్చి పిల్లోళ్లను ఎక్కమన్నాడని కేసు పెడదామా?" నవ్వించాలనే అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. అక్క అయితే గేటుకు గొలుసు చుట్టి తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది.

అక్కడ ఇక ఉండలేకపోయాను. సాయంత్రం బావే తన జీపులో మమ్మల్ని నంద్యాలకు తీసుకొచ్చాడు. శిరివెళ్ల దాటేదాకా ఎదురుగా వచ్చే ప్రతి కారును చూస్తూనే ఉన్నాను. పిల్లలిద్దరూ నా ఒళ్లో నిద్రపోయారు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. విహాన్‌వి కొత్తవి. శుక్రవారం చీకటి పడ్డాక మా వీధి చివర షాపులో కొన్నాను. అడుగున చిన్న చిన్న చేపల అచ్చు ఉంటే వాడు ముచ్చటపడ్డాడు. శనివారం పొద్దున బస్సుకు బయలుదేరేటప్పుడే మొదటిసారి తొడుక్కున్నాడు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

ఇంటికి రాగానే, లోపలికి కూడా పోకుండా, షెడ్డులోకి నడిచాను. చక్రాలు ఇంకా గోడకే ఉన్నాయి. మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కారు తలుపు తీయమన్నాను.

"పొద్దున్నుంచి తలుపు తియ్యనే లేదే."

"తియ్యి."

జేబులో నుంచి తాళంచెవి తీసి తెరిచాడు. ముందు సీటు మడిచాడు. వెనక సీటు ముందు నల్లటి మ్యాట్ మీద తెల్లటి గుర్తు ఉంది. ఒకటే. కుడి కాలిది. పిండితో అచ్చు వేసినట్టు, మడమ దగ్గర ఒత్తుగా, వేళ్ల దగ్గర పలచగా. మధ్యలో చిన్న చిన్న చేపలు.

నా వెనకే బావ ఉన్నాడు. "ఏందప్పా ఇది" అన్నాడు మెల్లగా.

నేను ఫోన్ కోసం బ్యాగులో చేయి పెట్టాను. అంతలో మా ఆయన వంగి, భుజం మీది గుడ్డతో ఆ గుర్తును తుడిచేశాడు.

ఒక్క తుడుపు. ఆయన చేయి అలా పోయింది. ఇన్నేళ్లుగా ఆ కారులో ఎక్కడ దుమ్ము కనిపించినా పోయినట్టే పోయింది. తుడిచాక ఆయనే ఆగిపోయాడు. చేతిలోని గుడ్డ వైపు చూశాడు. గుడ్డ మీద తెల్లగా అంటుకుంది. నేను ఏడుస్తూ అరిచాను. "ఎందుకు తుడిచినావ్? ఎందుకు తుడిచినావ్?" ఎందుకో ఆయనకూ తెలియదు. అలవాటు కొద్దీ తుడిచాడా, భయపడి తుడిచాడా అని చాలాసార్లు అడిగాను. ఒక్కోసారి ఒక్కోటి చెబుతాడు.

కాబట్టి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఫోటో లేదు. చూసినవాళ్లం ముగ్గురం.

ఆ తర్వాత అందరూ తలో మాట చెప్పారు. విహాన్ చెప్పులు వేసుకుని శుక్రవారమే కారెక్కి ఉంటాడని ఒకరు. కానీ మ్యాట్లు దులిపాకే, తలుపులకు తాళం పడ్డాకే ఆ చెప్పులు మా ఇంటికి వచ్చాయి. ఆ పొడి నంద్యాలలోదేనేమో అని ఇంకొకరు. అయి ఉండొచ్చు. హాసిని కల్పించిందని మా తోడికోడలు. కల్పిస్తే ఎదురింటి పెద్దమ్మ ఎందుకు కల్పిస్తుంది? ఆ కారు అమ్మేయమని అక్క. మా ఆయన దానికి ఒప్పుకోడని నాకు తెలుసు. నేనూ గట్టిగా అడగలేదు. అమ్మితే అది వేరే ఎవరి పిల్లల దగ్గరికో పోతుంది కదా అనిపించింది. ఇంత చదివి ఇలా ఆలోచిస్తున్నానని నాకే సిగ్గుగా ఉంటుంది.

కారుకు చక్రాలు బిగించాడు. ఆదివారాలు మళ్లీ కడుగుతున్నాడు. మునుపటిలాగే మెరుస్తుంది. కడిగేటప్పుడు నేను కిటికీలో నుంచి చూస్తుంటాను. ఆయన అప్పుడప్పుడు చేయి ఆపి, నీలం రంగులో తన ముఖాన్ని తదేకంగా చూస్తాడు.

పిల్లలు పడుకున్నాక, గడియ రెండుసార్లు చూసుకుని వచ్చి ఇది రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం ఆ సందులోకి వచ్చింది ఏమిటో, ఎందుకు వచ్చిందో, నా పిల్లల్ని ఎక్కించుకుని ఎక్కడికి పోదామనుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు. దానికి మా ఆయన గొంతు తెలుసు. చేయి తెలుసు, వాచీ తెలుసు. ఆయన కారును ఆయన ఉంచుకున్నట్టే ఉంచుకోవడమూ తెలుసు. హాసిని ఆ రోజు తిట్లకు భయపడకపోయి ఉంటే అన్న ఆలోచన దగ్గరే నేను రోజూ ఆగిపోతాను. ముందుకు పోలేను.

మ్యాట్ మీద ఆ గుర్తు చూసిన రాత్రి నేను నిద్రపోలేదు. తెల్లవారాక పిల్లలకు పాలు కలిపి ఇచ్చి, వాళ్ల ముందు కూర్చున్నాను. ఏం చెప్పాలో అప్పటికి చాలాసార్లు మనసులో అనుకుని పెట్టుకున్నాను.

"ఇకమీద నాన్న కారులో కూర్చుని పిలిస్తే పోవద్దు. ఎంతసేపు పిలిచినా పోవద్దు. నేను వచ్చి మీ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తేనే ఎక్కండి."

విహాన్ తల ఊపి పాలు తాగాడు. హాసిని గ్లాసు కింద పెట్టింది.

"నిజం నాన్న అయితేనో?"

వాళ్ల నాన్న అప్పుడే నిద్ర లేచి వచ్చి నా వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన నీడ నా ముందు నేల మీద పడింది. విన్నాడని నాకు తెలుసు.

"అయినా పోవద్దు" అన్నాను.